పాత ఇటుకలోని క్వార్ట్జ్‌తో గత రేడియేషన్ మోతాదును లెక్కకట్టడం ఎలా

ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్ల చొక్కాకు ఉండే టీఎల్‌డీ బ్యాడ్జిలో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు ఉంటాయి. వాటిని కొంతకాలానికోసారి తీసి వేడిచేస్తారు. వచ్చిన వెలుగును బట్టి ఆ మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో చెబుతారు. బట్టీలో కాలిన ఇటుకలోని క్వార్ట్జ్ రేణువు కూడా అలాంటి బ్యాడ్జే. మన ఊళ్లలో పలుగురాయి అంటామే, అదే ఖనిజం. కాకపోతే దీన్ని ఎవరూ ఉద్దేశించి పెట్టలేదు, గోడ కట్టిన నాటి నుంచి ఎవరూ చదవలేదు.

ప్రమాదం జరిగిన రోజున అక్కడ కొలిచే పరికరం లేకపోయినా, ఏళ్ల తర్వాత మోతాదు తెలుసుకోవడానికి ఈ పద్ధతి పనికొస్తుంది. హిరోషిమా, నాగసాకిలలో ఇంటి పైకప్పు పెంకుల మీద ఇలాంటి కొలతలు 1960ల్లోనే చేశారు. సోవియట్ రష్యాలోని మాయక్ ప్లుటోనియం కర్మాగారం 1949 నుంచి 1956 వరకు టేచా నదిలోకి వదిలిన వ్యర్థాల ప్రభావం తేల్చడానికి, దిగువన ఉన్న మెట్లినో గ్రామపు పాత భవనాల ఇటుకలను వాడారు. 1986 ఏప్రిల్ 26 తర్వాత చెర్నోబిల్ ధూళి పడిన ఊళ్లలోనూ ఇదే దారి పట్టారు. కింద చెప్పే పద్ధతి ప్రధానంగా చెర్నోబిల్ తరహా పరిస్థితికి, అంటే నేల మీద పరుచుకున్న రేడియోధార్మిక సీజియం నుంచి వచ్చే గామా కిరణాలకు సరిపోతుంది.

ముందు లెక్క, తర్వాత డ్రిల్లు

క్వార్ట్జ్ స్ఫటికంలో లోపాలు ఉంటాయి. రేడియేషన్ తగిలినప్పుడు విడిపోయిన ఎలక్ట్రాన్లలో కొన్ని ఆ లోపాల్లో చిక్కుకుపోతాయి. చిక్కినవాటి సంఖ్య మోతాదుతో పాటు పెరుగుతుంది. వేడిచేస్తేనో, నీలికాంతి వేస్తేనో అవి బయటపడి, వాటిలో కొన్ని అతినీలలోహిత వెలుగునిస్తాయి. వేడితో రాబట్టేది టీఎల్, కాంతితో రాబట్టేది ఓఎస్‌ఎల్. ఇటుకను 800 నుంచి 1000 డిగ్రీల దాకా కాల్చినప్పుడు అంతకుముందు భూమిలో పోగైనదంతా చెరిగిపోతుంది కాబట్టి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది.

అయితే ఇటుకకు ప్రమాదం వల్లే కాదు, తన మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియం వల్ల, చుట్టుపక్కల నేల వల్ల, ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల కూడా ఏటా మోతాదు తగులుతూనే ఉంటుంది. కాబట్టి:

ప్రమాదపు మోతాదు = క్వార్ట్జ్‌లో కొలిచిన మొత్తం మోతాదు − (ఇటుక వయసు × సహజ వార్షిక మోతాదు)

చిక్కంతా ఈ తీసివేత దగ్గరే. మామూలు మట్టి ఇటుకకు సహజంగా ఏడాదికి 3 మిల్లీగ్రే దాకా తగులుతుందనుకుందాం (గ్రే అంటే పదార్థం పీల్చుకున్న రేడియేషన్ మోతాదుకు కొలమానం, మిల్లీగ్రే అందులో వెయ్యో వంతు). ప్రమాదం వల్ల వచ్చింది 50 మిల్లీగ్రే అనుకుందాం. రెండు పక్కల కొలతల్లోనూ 5 శాతం అనిశ్చితి ఉందనుకుందాం. ఇల్లు కట్టి 40 ఏళ్లయితే సహజ భాగం 120, మొత్తం 170. అనిశ్చితులు 6, 8.5. రెంటినీ వర్గాలు చేసి కలిపి మూలం తీస్తే సుమారు 10. జవాబు 50 ± 10. అదే ఇల్లు వందేళ్లదైతే సహజ భాగం 300, మొత్తం 350. అనిశ్చితులు 15, 17.5. కలిపితే 23. జవాబు 50 ± 23, అంటే దాదాపు చెప్పలేనిది.

వెలుగును కొలిచే రీడరు ఒక్కటే, కొలిచిన చేయి ఒక్కటే, ఫలితం మాత్రం ఇంత తేడా. ఎంత చిన్న మోతాదును పట్టుకోగలమన్నది పరికరం ధర మీద కంటే ఇటుక వయసు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అందుకని డ్రిల్లు పట్టుకునే ముందు కాగితం మీద ఈ నాలుగు లైన్ల లెక్క చేయండి. ఆశించే ప్రమాదపు మోతాదు సహజ భాగంలో పదో వంతు కూడా లేదని తేలితే ఆ భవనాన్ని వదిలేసి కొత్త భవనం వెతకండి. చరిత్ర ఉన్న గుడి గోడ కంటే, ప్రమాదానికి పదేళ్ల ముందు కట్టిన బడి గోడ మేలు.

ఏ ఇటుక తీసుకోవాలి

మొదటి షరతు: కాలి ఉండాలి. పాత సోవియట్ ప్రాంతాల్లో తెల్ల సిలికేట్ ఇటుకల ఇళ్లు బోలెడు. అవి సున్నం, ఇసుక కలిపి ఆవిరి ఒత్తిడిలో గట్టిపరిచినవి. ఆ వేడి సుమారు 200 డిగ్రీలే కాబట్టి ఇసుకలోని పాత భూగర్భ మోతాదు చెరగదు. మామూలు పద్ధతిలో వాటిని కొలిస్తే గ్రేలకు గ్రేలు వచ్చి బెదరగొడతాయి. పచ్చి ఇటుకలదీ ఇదే సంగతి. ఆంధ్ర, తెలంగాణల్లో ఇప్పుడు విరివిగా వాడే ఫ్లై యాష్ ఇటుకలు కూడా కాల్చనివే కాబట్టి, సాధన కోసమైనా వాటిని ఎంచుకోకండి. బట్టీలో కాలిన ఎర్ర ఇటుకే కావాలి. మరీ ఎక్కువ కాలి నల్లగా గాజులా మెరిసే ఇటుక కూడా వద్దు. అందులో క్వార్ట్జ్ కొంత కరిగిపోయి, శుభ్రం చేశాక చేతికి చాలా తక్కువ వస్తుంది.

రెండో షరతు: వయసుకు ఆధారం. నిర్మాణ పత్రాలు, గోడ మీది తేదీ, ఇటుక మీది ముద్ర, ఏదో ఒకటి కావాలి. పాత ఇల్లు పడగొట్టి ఆ ఇటుకలతోనే కొత్తది కట్టడం ఎక్కడైనా ఉన్నదే. ఒకే గోడలో రెండు కొలతల ఇటుకలు, అంచులకు పాత సున్నం అంటుకున్న ఇటుకలు కనిపిస్తే అనుమానించండి. మసిపట్టిన గోడల జోలికి పోవద్దు. ఇల్లు తగలబడినప్పుడు పైపొర వేడెక్కి లెక్క మళ్లీ సున్నాకో, సగానికో వచ్చి ఉంటుంది.

మూడోది: చోటు. నేల నుంచి సుమారు ఒక మీటరు ఎత్తులో, ఎదురుగా ఖాళీ నేల ఉన్న బయటి గోడ తీసుకోండి. చూరు నీళ్లు పడే చోటు, వాన గొట్టం దిగే మూల వద్దు. కప్పు మీద పడిన సీజియమంతా నీళ్లతో కొట్టుకొచ్చి అక్కడ పోగవుతుంది, ఆ ఇటుక చెప్పే మోతాదు ఊరిది కాదు, ఆ మూలది. ప్రమాదం తర్వాత గోడకు సిమెంటు పూత వేసి ఉంటే దాని మందం, వేసిన ఏడు రాసుకోండి. చెట్టు, కట్టెల మోపు, పక్కింటి గోడ, ఇలా ఎదురుగా అడ్డం ఉన్నవన్నీ కొలతలతో బొమ్మ గీసుకోండి. చివర్లో మోతాదును గాలిలోకి మార్చే లెక్కకు ఆ బొమ్మే ఆధారం.

సోవియట్ కాలపు ఇటుక కొలత 250 × 120 × 65 మిల్లీమీటర్లు. గోడలో అడ్డంగా పెట్టిన హెడర్ ఇటుక దొరికితే ఒకే ఇటుకలో 250 మిల్లీమీటర్ల లోతు వరకు మోతాదు ఎలా తగ్గిందో చూడొచ్చు. పొడవునా పేర్చిన స్ట్రెచర్‌లో 120 మాత్రమే. హెడర్ దొరికితే స్ట్రెచర్ తీయకండి.

వీటితో పాటు పోలిక ఇటుక ఒకటి తప్పనిసరి: అదే కాలంలో, వీలైతే అదే బట్టీ ఇటుకతో కట్టిన, ధూళి పడని ఊరి భవనం నుంచి, లేదా అదే ఇంటి లోపల బాగా మరుగున ఉన్న గోడ నుంచి. శుభ్రమైన ఊరి ఇటుకలో కొలిచిన మొత్తాన్ని వయసుతో భాగిస్తే, విడిగా లెక్కకట్టిన సహజ వార్షిక మోతాదు రావాలి. రాకపోతే వయసో, బీటా సోర్సు (రీడరులో క్వార్ట్జ్‌కు తెలిసిన మోతాదు ఇచ్చే రేడియోధార్మిక వనరు) క్యాలిబ్రేషనో, సహజ మోతాదు లెక్కో ఎక్కడో తేడా ఉంది. అది తేలేదాకా అసలు ఇటుకల ఫలితాలు ఎవరికీ ఇవ్వకండి.

తీయడం, మూటకట్టడం

50 మిల్లీమీటర్ల డైమండ్ కోర్ బిట్టుతో, నీళ్లు పోస్తూ, నెమ్మదిగా తీయండి. పొడిగా నడిపితే బిట్టు అంచున ఇటుక వేడెక్కుతుంది. నీళ్లతో తీసిన ముక్కలో సహజ తేమ ఎంతో ఇక తెలియదు కనుక, పక్కనే ఉలితో ఒక పెచ్చు పొడిగా ఊడదీసి, వెంటనే పాలిథీన్ సంచిలో సీలు చేసి, దాన్ని తేమ కొలతకు ఉంచండి.

కోరు బయటికి రాగానే బయటి వైపు ఏదో బాణం గుర్తు పెట్టి, అల్యూమినియం రేకులో, దానిపై నల్ల పాలిథీన్‌లో చుట్టండి. తీసేటప్పుడు పైతోలుకు వెలుతురు తగిలినా ఫర్వాలేదు, దాన్ని ఎలాగూ కోసి పారేస్తాం. ముక్క విరిగి లోపలి భాగానికి ఎండ తగిలితే మాత్రం పనికిరాదు. క్వార్ట్జ్‌లో త్వరగా ఖాళీ అయ్యే సిగ్నల్ నేరుగా ఎండ పడితే కొన్ని సెకన్లలోనే చాలా భాగం పోతుంది. పార్సిల్‌లో పంపేటప్పుడు ఎక్స్‌రే స్కానింగు ఉంటుంది కాబట్టి అదే పెట్టెలో ఒక డోసిమీటరు కూడా పెట్టండి. దారిలో తగిలినదాన్ని అదే చెబుతుంది.

చీకటి గదిలో

620 నానోమీటర్ల చుట్టూ వెలిగే మసక ఎర్ర ఎల్‌ఈడీ దీపం చాలు. గది భద్రంగా ఉందని నమ్మేయకుండా పరీక్షించండి: తెలిసిన మోతాదు ఇచ్చిన క్వార్ట్జ్ బిళ్లలు కొన్ని బల్ల మీద రోజంతా ఉంచి, డబ్బాలో దాచినవాటితో పోల్చండి. తేడా కనిపిస్తే దీపం మార్చాలి. చాలాసార్లు దోషి దీపం కాదు, ఓవెన్ మీది ఆకుపచ్చ సూచిక దీపమో, కంప్యూటరు స్క్రీనో, జేబులో వెలిగిన ఫోనో. వాటికి నల్ల టేపు వేయండి, ఫోను బయట పెట్టండి.

నీటితో చల్లారే డైమండ్ రంపంతో కోరును పలకలుగా కోయండి. బయటి 3 మిల్లీమీటర్లు పక్కన పెట్టాలి. దానికి వెలుతురు తగిలింది, పైగా గోడ మీద అంటుకున్న ధూళి నుంచి వచ్చిన బీటా కిరణాలు కూడా ఆ పొరలోనే ఆగిపోతాయి. చుట్టూ డ్రిల్లు తగిలిన అంచును కూడా 2 మిల్లీమీటర్లు తీసేయండి. మొదటి పలక మధ్య లోతు 10 మిల్లీమీటర్లకు రావాలి. ఆ తర్వాత 30, 50, 80 దగ్గర ఒక్కొక్కటి, వెనక అంచున ఒకటి చాలు. పలక మందం 10 మిల్లీమీటర్లు.

పలకను వైస్‌లో పెట్టి నొక్కి చిదపండి. రోట్లో నూరితే రేణువులు పిండి అవుతాయి. 90, 150 మైక్రాన్ల జల్లెడలు వాడి మధ్యలో నిలిచినదాన్ని తీసుకోండి. 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో బుడగలు ఆగేదాకా ఉంచితే సున్నపు పదార్థం పోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కాల్చిన ఇటుకకు సాధారణంగా అక్కర్లేదు, సేంద్రియ పదార్థం ఎలాగూ బట్టీలో కాలిపోయింది. తర్వాత సోడియం పాలిటంగ్‌స్టేట్ ద్రావణంతో సాంద్రతను బట్టి వేరుచేయాలి: 2.62 మీద తేలేది ఫెల్డ్‌స్పార్, 2.70లో మునిగేది బరువు ఖనిజాలు, ఆ రెంటి నడుమ దొరికేది క్వార్ట్జ్. ఈ ద్రావణానికి కుళాయి నీళ్లు తగలనివ్వకండి. నీటిలోని కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డి కట్టి, ఖరీదైన ద్రావణం పాడవుతుంది. అయాన్లు తీసిన నీళ్లే వాడాలి.

ఆ తర్వాతిది 40 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో 45 నిమిషాలు. రెండు పనులు దీంతో అవుతాయి. మిగిలిన ఫెల్డ్‌స్పార్ కరుగుతుంది, క్వార్ట్జ్ రేణువు చుట్టూ సుమారు 10 మైక్రాన్ల తొక్క పోతుంది. ఆల్ఫా కణాలు దూరిన పొర ఎక్కువగా అదే కాబట్టి, ఇక లెక్కలో ఆల్ఫా భాగాన్ని వదిలేయొచ్చు. 100 మైక్రాన్ల రేణువుకు చుట్టూ 10 మైక్రాన్లు పోతే మిగిలేది 51 శాతం బరువే. అందుకని అవసరమైనదానికి రెట్టింపుతో మొదలుపెట్టండి.

ఈ ఆమ్లం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. చర్మం మీద పడితే వెంటనే మంట పుట్టకపోవచ్చు. ఫ్లోరైడ్ లోపలికి ఇంకి ఒంట్లోని కాల్షియాన్ని లాగేస్తుంది, అరచేయంత మేర పడినా ప్రాణాల మీదికి రావచ్చు. ఫ్యూమ్ హుడ్, మందపాటి నియోప్రీన్ చేతి తొడుగులు, ముఖానికి షీల్డు, ఏప్రన్, పక్కనే 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్, గదిలో తోడుగా ఇంకొకరు: వీటిలో ఏది లేకపోయినా సీసా మూత తీయొద్దు. పడితే ధారగా నీళ్లతో కడిగి, జెల్ రుద్దుతూనే ఆసుపత్రికి వెళ్లాలి, నొప్పి లేకపోయినా సరే. గాజు పాత్రలు ఈ ఆమ్లంలో కరిగిపోతాయి కాబట్టి పాలీప్రొపిలీన్ లేదా టెఫ్లాన్ బీకర్లే వాడాలి. ఈ సదుపాయాలు లేని చోట ఇంటి ప్రయోగంలా దీన్ని చేయాలనుకోకండి.

ఆమ్లం వంపేశాక మళ్లీ 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కనీసం అరగంట ఉంచాలి. ఈ మెట్టు దాటేస్తే కాల్షియం ఫ్లోరైడ్ రేణువుల మీద పేరుకుంటుంది. దానికీ రేడియేషన్‌తో వెలిగే గుణం ఉంది కాబట్టి సిగ్నల్‌లో కల్తీ అవుతుంది. కడిగి, ఆరబెట్టి, 90 మైక్రాన్ల జల్లెడతో మళ్లీ జల్లిస్తే విరిగిన ఫెల్డ్‌స్పార్ ముక్కలు రాలిపోతాయి.

రీడరు మీద

9.8 మిల్లీమీటర్ల స్టీలు బిళ్లల మీద సిలికాన్ నూనె తుంపర వేసి, రేణువులు ఒకే పొరగా అంటించండి. బిళ్లకు 5 నుంచి 7 మిల్లీగ్రాములు పడతాయి. ఒక్కో లోతుకు 24 బిళ్లలు పెట్టుకోండి. రీడరులో 470 నానోమీటర్ల నీలి ఎల్‌ఈడీలు, ఫొటోమల్టిప్లయర్ ముందు హోయా యు-340 ఫిల్టరు, స్ట్రాన్షియం-90 బీటా సోర్సు ఉంటాయి.

ఆ బీటా సోర్సు దగ్గరే ఇటుకల పనిలో ఒక ఇబ్బంది ఉంది. లక్షల ఏళ్ల మట్టి పొరల వయసు కట్టడానికి అమర్చిన సోర్సులు సెకనుకు 0.1 గ్రే దాకా ఇస్తాయి. మనకు కావలసింది 150 మిల్లీగ్రే, అంటే సెకనున్నర. షట్టరు తెరుచుకోవడంలో 0.1 సెకను తేడా వచ్చినా 7 శాతం తప్పు. సెకనుకు 10 మిల్లీగ్రే ఇచ్చే బలహీనమైన సోర్సు వెతుక్కోండి. దొరక్కపోతే షట్టరు ఆలస్యం ఎంతో 1, 2, 4, 8 సెకన్ల మోతాదులతో గ్రాఫు గీసి, గీత సున్నాను ఎక్కడ తాకుతుందో చూసి సరిదిద్దుకోండి. సోర్సు బలాన్ని తెలిసిన గామా మోతాదు ఇచ్చిన క్యాలిబ్రేషన్ క్వార్ట్జ్‌తో తూచాలి. స్ట్రాన్షియం-90 ఏడాదికి సుమారు 2.4 శాతం తగ్గుతుందని మరిచిపోతే, పాత విలువతోనే నడిపే ల్యాబులో అన్ని ఫలితాలూ ఆ మేరకు పెరిగి కనిపిస్తాయి.

కొలతకు ముర్రే, వింటిల్ అనే శాస్త్రవేత్తలు 2000లో స్థిరపరిచిన సార్ (SAR) పద్ధతి వాడతాం, అంటే ఒకే బిళ్లకు తెలిసిన మోతాదులు మళ్లీ మళ్లీ ఇచ్చి పోల్చడం. ప్రతి బిళ్ల మీదా వరుస ఇది:

1. సహజ సిగ్నల్ (గోడలో ఉండగా పోగైనది) ఉన్న బిళ్లతో మొదలు. తర్వాతి వలయాల్లో (ఈ ఏడు మెట్లూ కలిపి ఒక వలయం) ఇక్కడ బీటా మోతాదు ఇవ్వాలి.
2. 200 డిగ్రీల దగ్గర 10 సెకన్లు ప్రీహీట్, అంటే కొలతకు ముందు వేడిచేయడం.
3. 125 డిగ్రీల దగ్గర 40 సెకన్లు నీలికాంతి. వచ్చిన సిగ్నల్ రాసుకోండి.
4. పరీక్ష మోతాదు 100 మిల్లీగ్రే.
5. 180 డిగ్రీలకు వేడిచేసి వెంటనే చల్లార్చడం.
6. మళ్లీ 125 డిగ్రీల దగ్గర 40 సెకన్లు నీలికాంతి. ఇది పరీక్ష సిగ్నల్.
7. 280 డిగ్రీల దగ్గర 40 సెకన్లు నీలికాంతి, మిగిలిన చెత్త ఊడ్చడానికి.

మొదటి వలయం సహజానికి. తర్వాత 100, 150, 250 మిల్లీగ్రే, సున్నా, చివరగా మళ్లీ 100. ఒక్కో వలయంలో మొదటి 0.8 సెకను కౌంట్ల నుంచి చివరి సెకన్ల నేపథ్యం తీసేసి, 3వ మెట్టు సిగ్నల్‌ను 6వ మెట్టు సిగ్నల్‌తో భాగించండి. వేడి తగిలిన ప్రతిసారీ క్వార్ట్జ్ వెలిగే తీరు మారుతుంది. ఆ మార్పును భాగహారం సరిచేస్తుంది. తెలిసిన మోతాదుల నిష్పత్తులతో గ్రాఫు గీసి, సహజ నిష్పత్తి దాని మీద ఎక్కడ పడుతుందో చూస్తే క్వార్ట్జ్‌లోని మొత్తం మోతాదు తెలుస్తుంది. 125 డిగ్రీలు ఎందుకంటే, 110 డిగ్రీల దగ్గర ఖాళీ అయ్యే ఒక తేలిక చిక్కు (ఎలక్ట్రాన్లను పట్టుకునే లోపం) ఉంది. అది తెరిచి ఉంటే బయటపడిన ఎలక్ట్రాన్లు మళ్లీ అందులో పడి సిగ్నల్ ఆకారాన్ని చెడగొడతాయి.

అంగీకరించే ముందు ప్రతి బిళ్లనూ నిలదీయండి. రెండుసార్లు ఇచ్చిన 100 మిల్లీగ్రేల నిష్పత్తి 0.90, 1.10 మధ్య ఉండాలి. సున్నా మోతాదుకు వచ్చే సిగ్నల్ సహజంలో 5 శాతం దాటకూడదు. చివర్లో ఇంకోసారి 100 మిల్లీగ్రే ఇచ్చి, నీలికి ముందు పరారుణ కాంతి వేయండి. నీలి సిగ్నల్ తగ్గితే ఫెల్డ్‌స్పార్ ఇంకా మిగిలే ఉంది. ఫెల్డ్‌స్పార్ తన సిగ్నల్‌ను గది ఉష్ణోగ్రతలోనే ఏళ్ల తరబడి కోల్పోతుంది కాబట్టి మోతాదు తక్కువగా చూపుతుంది. మళ్లీ ఆమ్లంలో వేయడం తప్ప దీనికి మందు లేదు.

200 డిగ్రీల ప్రీహీట్ అన్నది ఆరంభానికే. ప్రతి కొత్త బట్టీ ఇటుకకూ 160 నుంచి 280 దాకా 20 డిగ్రీల అంతరంతో, ఒక్కోదానికి మూడు బిళ్లలతో కొలిచి గ్రాఫు గీయండి. జవాబు సమంగా నిలిచిన చోట మధ్య విలువ తీసుకోండి. 240 దాటాక జవాబు ఎగబాకడం మామూలుగా కనిపిస్తుంది. కాంతికి కదలని లోతు చిక్కుల్లోని ఎలక్ట్రాన్లు వేడికి కదిలి మనం కొలిచే చోటికి చేరతాయి. గ్రేలలో కొలిచే మట్టి పొరలకు ఇది పైసల లెక్క, 150 మిల్లీగ్రే ఇటుకకు మాత్రం ఇదే ప్రమాదపు మోతాదంత అయ్యి కూర్చుంటుంది. శుభ్రమైన ఊళ్లో లేని ప్రమాదం కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

చివరి పరీక్ష: కొన్ని బిళ్లలను నీలికాంతితో ఖాళీ చేసి, 150 మిల్లీగ్రే మీరే ఇచ్చి, తెలియనట్టు కొలవండి. 0.95 నుంచి 1.05 రెట్ల లోపు రావాలి. అది రాని సెట్టింగుతో అసలు ఇటుక కొలిచి లాభం లేదు.

సహజ వార్షిక మోతాదు

తీసివేతలో రెండో సగం ఇది. దీనికి వెచ్చించే శ్రద్ధ చాలాచోట్ల తక్కువే. అదే ఇటుక పొడిని గాలి చొరని డబ్బాలో మూడు నాలుగు వారాలు సీలు చేసి ఉంచండి. 3.8 రోజుల అర్ధాయువు ఉన్న రేడాన్ అప్పటికి సమతౌల్యానికి వస్తుంది. తర్వాత జర్మేనియం గామా స్పెక్ట్రోమీటరులో పెట్టండి. పొటాషియంకు 1461, థోరియం శ్రేణికి 583, 911, యురేనియం శ్రేణికి 352, 609 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గీతలు చూడాలి. 662 దగ్గర సీజియం గీత కనిపిస్తే ఇటుకలోకే కాలుష్యం ఇంకింది. దాన్ని వేరే లెక్కలో చేర్చాలి.

ఉదాహరణకు 3 పీపీఎం (పది లక్షల్లో మూడు భాగాలు) యురేనియం, 10 పీపీఎం థోరియం, 2 శాతం పొటాషియం ఉన్న ఇటుక తీసుకుందాం. ఏడాదికి 1 పీపీఎం యురేనియం 0.146, 1 పీపీఎం థోరియం 0.028, 1 శాతం పొటాషియం 0.798 మిల్లీగ్రే చొప్పున బీటా ఇస్తాయి. మొత్తం 2.31. రేణువు లోపలికి చేరేసరికి తగ్గే భాగానికి సుమారు 0.9తో గుణిస్తే 2.08. ఇటుకలో 3 శాతం తేమ ఉంటే 1.0375తో భాగించాలి, 2.00 వస్తుంది. గామాకు అదే వరుసలో 0.112, 0.048, 0.249. అన్ని వైపులా ఇటుకే ఉంటే 1.31. అయితే గోడ పైముఖానికి 10 మిల్లీమీటర్ల లోతులో గోడ ఇచ్చేది అందులో సగానికి కాస్త ఎక్కువే. మిగతాది ఎదుటి నేల, చుట్టుపక్కల గోడల నుంచి రావాలి. అలా కలిపి 0.9, కాస్మిక్ కిరణాలకు 0.15 అనుకుంటే ఏడాదికి 3.05 మిల్లీగ్రే.

బీటా భాగాన్ని ఎంత కచ్చితంగా కొలుస్తారో ఫలితం అంత కచ్చితంగా ఉంటుంది. మూడింట రెండొంతులు అదే. కుదిరితే స్పెక్ట్రోమీటరుతో పాటు బీటా కౌంటరులోనూ అదే పొడిని చూడండి, రెండూ 5 శాతం లోపు కలవాలి.

గామా దగ్గర ఒక ఉచ్చు ఉంది. మట్టి పొరల వయసు కట్టేవాళ్లు గోడలో రంధ్రం చేసి, కార్బన్ కలిపిన అల్యూమినియం ఆక్సైడ్ డోసిమీటరును నెలల తరబడి ఉంచి గామా నేరుగా కొలుస్తారు. ధూళి పడిన ఊళ్లో అదే చేస్తే డోసిమీటరుకు ఇవాళ్టి సీజియం కూడా తగులుతుంది. దాన్ని సహజమని తీసేస్తే, మనం వెతికే మోతాదునే మనం తీసేసినట్టు. అక్కడ నేల మట్టిని, ఇటుకను విడివిడిగా స్పెక్ట్రోమీటరులో చూసి, సహజ మూలకాల నుంచి మాత్రమే లెక్కకట్టాలి.

లోతు వారీగా ఏం చూడాలి

సీజియం-137 గామా కిరణం నిటారుగా పడితే, 1.8 సాంద్రత ఉన్న ఇటుకలో సుమారు 5 సెంటీమీటర్లకు సగమవుతుంది. నిజమైన గోడలో ఏటవాలుగా వచ్చేవి, చెదిరి బలహీనపడినవి కలిసి ఉంటాయి కాబట్టి గ్రాఫు అంత ముచ్చటగా ఉండదు. అయినా సహజ భాగం తీసేశాక లోపలికి వెళ్లేకొద్దీ తగ్గాల్సిందే. 10 మిల్లీమీటర్ల దగ్గరా, 80 దగ్గరా ఒకే మోతాదు వస్తే అది బయటి నుంచి వచ్చింది కాదు. వయసు తప్పయి ఉంటుంది, లేదా సహజ మోతాదు తక్కువగా వేసి ఉంటారు. 10 మిల్లీమీటర్ల దగ్గర మోతాదు 30 మిల్లీమీటర్ల దగ్గరి దాని కంటే తక్కువ వస్తే వెలుతురో, మంటో తగిలింది. 10 నుంచి 30కి వచ్చేసరికి నిట్టనిలువునా పడిపోతే, ఆ భాగం తక్కువ శక్తి కిరణాలది.

ఇటుక చెప్పే మొత్తం ప్రమాదం రోజు నుంచి కోరు తీసిన రోజు వరకు పోగైనది. మొదటి వారాల అయోడిన్-131 ఎంత, రెండేళ్ల అర్ధాయువు ఉన్న సీజియం-134 ఎంత, 30 ఏళ్ల సీజియం-137 ఎంత అన్నది ఇటుకకు తెలియదు. నేలలో నేటి సీజియం కొలిచి, ఆనాటి నిష్పత్తులతో వెనక్కి నడిపే నమూనా దానికి వేరే కావాలి.

గోడలో 10 మిల్లీమీటర్ల లోతున ఉన్న క్వార్ట్జ్ మోతాదు, ఆ ముంగిట ఒక మీటరు ఎత్తులో గాలిలో ఉండే మోతాదు ఒకటి కావు. గోడ తన వెనక నుంచి వచ్చేవాటిని ఆపేస్తుంది, ఎదుటి నేలనే చూస్తుంది. ఈ మార్పిడికి మీరు గీసిన బొమ్మ ఆధారంగా మాంటే కార్లో పద్ధతిలో, అంటే లక్షల కిరణాల దారులను యాదృచ్ఛికంగా అనుకరిస్తూ, కంప్యూటరు లెక్క చేయాలి. ఆ తర్వాతే ఇంట్లో ఎన్ని గంటలు, పొలంలో ఎన్ని గంటలు అని మనుషుల లెక్కలోకి దిగొచ్చు. ఇటుక విలువను నేరుగా మనిషికి అంటగడితే ఆ సంఖ్యకు అర్థం లేదు.

నివేదికలో ఒక్కో ఫలితం పక్కన గోడ దిక్కు, ఎత్తు, లోతు, ఇటుక వయసు, దాని ఆధారం, ఆమోదించిన బిళ్లలెన్ని, తిరస్కరించినవెన్ని, మొత్తం మోతాదు, సహజ భాగం విడివిడిగా రాయండి. తీసివేత తర్వాత మిగిలింది దాని అనిశ్చితికి రెండు రెట్లు కూడా లేకపోతే దాన్ని మోతాదుగా ప్రకటించవద్దు. ఇంతకు మించి ఉండదు అని గరిష్ఠ పరిమితి మాత్రమే ఇవ్వండి.